జనవరిలో మాయమయ్యే నంబర్ వన్

అమెరికాలో ఆ వారం ఎక్కువ ఆదరణ పొందిన నూరు పాటలను వరుసపెట్టి బిల్‌బోర్డ్ పత్రిక వేసే జాబితా, అంటే చార్టు, పేరు హాట్ 100. 2020 జనవరి 11 తేదీతో వెలువడిన జాబితాలో ఒక వింత కనిపించింది. అంతకుముందు వారం అగ్రస్థానంలో ఉన్న పాట రెండో స్థానానికో పదో స్థానానికో దిగలేదు. నూరు పాటల్లో ఎక్కడా లేకుండా పోయింది. 1958 ఆగస్టులో ఆ జాబితా మొదలైన నాటి నుంచి మొదటి స్థానం నుంచి నేరుగా జాబితా వెలుపలికి వెళ్లిన పాట అప్పటిదాకా మరొకటి లేదు. ఆ పాట మరయా కేరీ 1994లో పాడిన 'ఆల్ ఐ వాంట్ ఫర్ క్రిస్మస్ ఈజ్ యూ'.

గుంటూరులో తమ చర్చిలో కీబోర్డు వాయించే మా మేనల్లుడికి ఈ సంగతి ఫోనులో చెబితే నవ్వేశాడు. "మామయ్యా, జనవరి రెండో వారానికి ఎవరికీ అక్కర్లేని పాట నంబర్ వన్ ఎట్లా అయింది? మీ అమెరికా వాళ్ల లెక్కలో ఏదో తిరకాసు ఉంది" అన్నాడు. ఈ మాట వాడొక్కడిదే కాదు. ఇక్కడ డాలస్‌లో నాతో పనిచేసేవారిలో సంగీతాన్ని శ్రద్ధగా అనుసరించేవారు కూడా డిసెంబరు వచ్చేసరికి ఇదే ఫిర్యాదు ఎత్తుకుంటారు: పాత పండుగ పాటలు చార్టును ఆక్రమించి కొత్తవాళ్లకు చోటు లేకుండా చేస్తున్నాయని, వాటిని విడిగా ఒక జాబితాలో పెట్టి అసలు చార్టును శుభ్రం చేయాలని. నేను దీనితో ఏకీభవించను. తిరకాసు ఇప్పుడు కాదు, ఇంతకుముందు ఉండేది. దాదాపు అరవై ఏళ్లపాటు చార్టు చూడలేకపోయిన దానిని ఇప్పుడు చూడగలుగుతోందని నా వాదన. అందుకు కారణం తెలియాలంటే ఈ పాటలు ఏ రోజుల్లో ఎలా గెలిచాయో, ఏ రోజుల్లో ఎందుకు ఓడాయో కాస్త వివరంగా చూడాలి.

మొదటి పెద్ద విజయం 'వైట్ క్రిస్మస్'. ఇర్వింగ్ బెర్లిన్ రాసిన ఈ పాటను బింగ్ క్రాస్బీ 1941 డిసెంబరు 25న తన రేడియో కార్యక్రమంలో మొదటిసారి పాడాడు. పెర్ల్ హార్బర్ మీద దాడి జరిగి అప్పటికి మూడు వారాలు కూడా కాలేదు. 1942 మే 29న రికార్డు చేశాడు. అదే ఏడాది 'హాలిడే ఇన్' చిత్రంలో పాట వచ్చింది. చిత్రం నుంచి బాగా ఆడుతుందని అందరూ అనుకున్నది ఈ పాట కాదు, వేరొక ప్రేమగీతం. అయితే ఇంటికి దూరంగా సైన్యంలో ఉన్న కుర్రవాళ్లు సైనిక రేడియోను పదేపదే అడిగి వేయించుకున్నది దీనినే. అక్టోబరు చివరికే బిల్‌బోర్డ్ అమ్మకాల పట్టికలో మొదటి స్థానానికి చేరి, 11 వారాలు అక్కడే ఉంది. డిసెంబరు పాట అక్టోబరులో గెలిచిందంటే దానికి కారణం పండుగ హడావుడి కాదని తెలుస్తూనే ఉంది. బెర్లిన్ రాసిన అసలు పాటకు ఒక ముందుమాట వంటి చరణం ఉంది; అందులో మాట్లాడే మనిషి కాలిఫోర్నియా ఎండలో తాటిచెట్ల మధ్య నిలబడి ఉత్తరాది మంచును తలుచుకుంటాడు. క్రాస్బీ ఆ చరణాన్ని వదిలేశాడు. ఎండ పోయింది, బెంగ మిగిలింది. పసిఫిక్ దీవుల్లో చెమటలు కక్కుతున్న సైనికుడికి ఆ బెంగ తనదే అనిపించడంలో ఆశ్చర్యం లేదు.

ఇంకా ముఖ్యమైన విషయం ఆ తర్వాత జరిగింది. 1945లోనూ 1946లోనూ పండుగ రోజుల్లో అదే రికార్డు మళ్లీ అగ్రస్థానానికి వచ్చింది. కాపీల మీద కాపీలు తీసీ తీసీ 1942 నాటి మాస్టర్, అంటే కాపీలకు మూలమైన రికార్డు, అరిగిపోయింది. 1947 మార్చి 19న క్రాస్బీ అదే వాద్యబృందంతో, అదే వంతపాటగాళ్లతో, సాధ్యమైనంతవరకు మొదటిదానిలాగే ఉండేటట్టు మళ్లీ పాడవలసివచ్చింది. ఈనాడు మనం వినేది ఎక్కువగా ఆ రెండోసారి పాడినదే. మొత్తం మీద 5 కోట్ల కాపీలు అమ్ముడుపోయి ఉంటాయని గిన్నిస్ అంచనా. ప్రపంచంలో అత్యధికంగా అమ్ముడుపోయిన సింగిల్ (ఆల్బంగా కాక ఒక పాటగా విడిగా అమ్మే రికార్డు) ఇదేనని వారి నమోదు. పాట పాతబడినా ప్రతి ఏడాదీ తిరిగి రావడమన్నది మరయా కేరీతోనో, ఇంటర్నెట్‌లో నేరుగా పాటలు వినే స్ట్రీమింగ్‌తోనో మొదలైన అలవాటు కాదని ఈ అరిగిపోయిన మాస్టరే సాక్ష్యం.

మరి తర్వాత ఏమైంది? హాట్ 100 మొదలైన ఏడాదే, అంటే 1958 డిసెంబరులోనే, ఒక క్రిస్మస్ పాట దానిలో అగ్రస్థానానికి వెళ్లింది. డేవిడ్ సెవిల్ పేరుతో రాస్ బగ్దాసేరియన్ తన గొంతునే టేపు వేగం పెంచి ఉడుత గొంతుగా మార్చి చేసిన 'ద చిప్‌మంక్ సాంగ్' అది; నాలుగు వారాలు అక్కడ ఉంది. ఆ తర్వాత మరో క్రిస్మస్ పాట హాట్ 100 శిఖరానికి రావడానికి 2019 డిసెంబరు దాకా ఆగవలసివచ్చింది. దాదాపు 61 ఏళ్లు. ఈ 61 ఏళ్లలో అమెరికన్లు క్రిస్మస్ పాటలు వినడం మానేశారా? ప్రతి దుకాణంలో, ప్రతి కారులో, ప్రతి పాఠశాల వేడుకలో అవే పాటలు మోగుతూ ఉన్నాయి. చార్టు మాత్రం వాటిని ఎరగనట్టే ఉంది.

దీనికి రెండు కారణాలు. ఒకటి, చార్టు నడిపేవారి నిర్ణయం. 1963 నుంచి 1972 దాకా బిల్‌బోర్డ్ పండుగ పాటలను వేరే పంక్తిలో కూర్చోబెట్టింది. వాటికి ప్రత్యేక జాబితా వేసి, హాట్ 100లోకి రానివ్వలేదు. నేడు కొందరు కోరుతున్న శుభ్రపరిచే కార్యక్రమం అన్నమాట, ఒకసారి జరిగిందే. రెండో కారణం ఇంకా లోతైనది. అమ్మకాల మీద నడిచే చార్టు పాటను కొన్న రోజును మాత్రమే లెక్కిస్తుంది. రోలు కొన్న రోజున పద్దు రాసి, ఆ తర్వాత ఇరవై ఏళ్లు దానిలో రుబ్బిన పిండిని లెక్కలోకి తీసుకోని పద్దతి అది. తండ్రి 1957లో కొన్న ఎల్‌పీ రికార్డును కొడుకు 1975లో, మనుమరాలు 1990లో ప్రతి డిసెంబరులోనూ తిప్పితిప్పి విన్నా చార్టుకు అది తెలియదు. మామూలు పాటలకు ఈ లోపం పెద్దగా నష్టం చేయలేదు, ఎందుకంటే వాటిని కొన్న కొద్ది నెలల్లోనే జనం వినడం తగ్గిస్తారు. కొన్నవారు జీవితాంతం ఏటేటా వినే పాటలకే అన్యాయం జరిగింది.

1963 సంగతి వచ్చింది కాబట్టి ఒక ఉదాహరణ. ఫిల్ స్పెక్టర్ నిర్మించిన క్రిస్మస్ ఆల్బం ఆ ఏడాది నవంబరు 22న విడుదలయింది. అధ్యక్షుడు కెనడీ హత్య జరిగిన రోజు. పండుగ సంగీతం కొనే మనఃస్థితిలో ఎవరూ లేరు, ఆల్బం పడిపోయింది. దానిలో డార్లీన్ లవ్ పాడిన 'క్రిస్మస్ (బేబీ ప్లీజ్ కమ్ హోమ్)' ఆనాడు ఎవరూ పట్టించుకోని పాట. ఆమె దానిని డేవిడ్ లెటర్‌మన్ టీవీ కార్యక్రమంలో 1986 నుంచి 2014 దాకా దాదాపు ఏటా డిసెంబరులో పాడుతూ వచ్చింది. ఈనాడు ఆ 1963 నాటి రికార్డింగే హాట్ 100లో ప్రతి శీతకాలం దర్శనమిస్తోంది. ఒక వారం అమ్మకాలను బట్టి దానిని విఫలమైన పాట అనడం ఎంత తొందరపాటో చెప్పనక్కరలేదు.

నాకు వీటన్నిటిలో ఎక్కువ ఇష్టమైన కథ గాయని బ్రెండా లీది. 'రాకిన్ అరౌండ్ ద క్రిస్మస్ ట్రీ' రాసిన జానీ మార్క్స్ అంతకుముందే ఎర్రముక్కు దుప్పి రూడాల్ఫ్ పాటతో పేరు పొందినవాడు. జీన్ ఆట్రీ పాడిన ఆ పాట 1950 జనవరి మొదటి వారంలో అగ్రస్థానంలో ఉంది. మార్క్స్ ఈ కొత్త పాటను ఇచ్చినప్పుడు బ్రెండా వయసు 13. నాష్‌విల్‌లో ఓవెన్ బ్రాడ్లీ ఆధ్వర్యంలో రికార్డింగ్ జరిగింది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని నెమ్మదిగా వింటే దాని పనితనం తెలుస్తుంది: మొదట్లో హాంక్ గార్లండ్ గిటారు మెట్లు దిగుతున్నట్టు నాలుగు స్వరాలు కదిపి తప్పుకుంటుంది; మధ్యలో బూట్స్ రాండాల్ఫ్ శాక్సఫోన్ కాస్త గరుకుగా, పెళ్లి ఊరేగింపులో మనసు పారేసుకున్న క్లారినెట్టువాడిలా తుళ్లుతుంది; ఆ పిల్ల గొంతులో వయసుకు మించిన జీర ఒకటి పదాల చివర్లలో అంటుకుని వస్తుంది. రెండు నిమిషాల చిల్లరలో అంతా అయిపోతుంది. పాటలో వృథా అయిన మాత్ర ఒక్కటి లేదు.

అయినా 1958లో అది అమ్ముడుపోలేదు. 1959లోనూ పోలేదు. 1960లో 'ఐయామ్ సారీ' పాటతో బ్రెండా దేశమంతటా తెలిశాక జనం వెనక్కి తిరిగి దీనిని చూశారు. 14వ స్థానం దాకా వచ్చింది. 1960ల మొదటి ఏళ్లు దాటాక దశాబ్దాలపాటు అది రేడియోలో, దుకాణాలలో, 1990లో 'హోమ్ అలోన్' చిత్రంలో మోగుతూనే ఉన్నా హాట్ 100లో దాని అడ్రసు లేదు. చివరికి 2023 డిసెంబరు 9 నాటి జాబితాలో అది మొదటి స్థానానికి చేరింది. విడుదలయి 65 ఏళ్లు. గాయని మరి రెండు రోజుల్లో 79 ఏళ్లు నిండబోతున్న మనిషి. హాట్ 100 శిఖరాన్ని చేరిన మహిళల్లో ఆమెదే అందరికన్నా పెద్ద వయసు.

ఇక్కడ డబ్బు సంగతి ఒకటి చెప్పాలి, ఎందుకంటే దీనిని పట్టించుకోకుండా చార్టుల గురించి మాట్లాడేవారు ఎక్కువ. అమెరికాలో ఏఎం, ఎఫ్ఎం రేడియో స్టేషన్లు పాట రాసినవారికి, దాని హక్కులున్న ప్రచురణకర్తకు రాయల్టీ చెల్లిస్తాయి. పాడినవారికీ రికార్డింగ్ కంపెనీకీ ఏమీ చెల్లించవు. వేలసార్లు మోగినా బ్రెండా లీ గొంతుకు రేడియో నుంచి పైసా రాదు. స్ట్రీమింగ్ అలా కాదు. రికార్డింగ్ హక్కుదారుకు డబ్బు చెల్లించాలి, దానిలో ఒప్పందాన్ని బట్టి గాయకులకు వాటా ఉంటుంది. పైగా 1972కు ముందు చేసిన రికార్డింగులకు అమెరికా కేంద్ర చట్టంలో రక్షణే లేకపోయేది. 2018లో వచ్చిన మ్యూజిక్ మోడర్నైజేషన్ చట్టం ఆ లోటును తీర్చింది. కాబట్టి పాత పండుగ పాటలు స్ట్రీమింగ్ ద్వారా చార్టు ఎక్కడమంటే, ఆనాడు పాడిన వృద్ధులకు కొంతైనా ముట్టే దారి తెరుచుకోవడం కూడా. ఎంత ముడుతుందన్నది వారి వారి కాగితాల మీద ఆధారపడి ఉంటుంది, అందరి కాగితాలూ మంచివి కావు.

మరయా కేరీ పాట దగ్గర చార్టు నియమాల వింత ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. 1994లో ఆమె, వాల్టర్ అఫనాసియెఫ్ కలిసి చేసిన ఆ పాటలో వినిపించే వాద్యాలు దాదాపు అన్నీ కంప్యూటరులో కూర్చినవి, అయినా అది 1960ల నాటి రికార్డులాగే తోస్తుంది. అమెరికాలో దానిని విడిగా అమ్మకానికి పెట్టలేదు. ఆల్బంలో భాగంగా మాత్రమే దొరికేది. ఆనాటి నియమం ప్రకారం అమ్మకానికి విడుదల కాని పాటకు హాట్ 100లో ప్రవేశం లేదు. రేడియోలో ఎంత మోగినా సరే, లెక్కలో సున్నా. 1998 డిసెంబరులో ఆ నియమం సడలించాక, 2000 జనవరిలో మొదటిసారి 83వ స్థానంలో కనిపించి మాయమైంది. ఆ తర్వాత పాత పాటలు జాబితాలోకి తిరిగి రాకూడదన్న మరో నియమం అడ్డుపడింది. 2012లో పండుగ పాటల విషయంలో దానిని సడలించారు. అదే సమయానికి స్ట్రీమింగ్ లెక్కలు జాబితాలోకి వస్తున్నాయి, అంటే కొన్న రోజే కాదు, విన్న ప్రతిసారీ లెక్కకు వస్తుంది. 2017లో తొమ్మిదో స్థానం. 2019 డిసెంబరు 21న ఒకటో స్థానం. పుట్టిన పాతికేళ్లకు శిఖరం. అప్పటి నుంచి ప్రతి డిసెంబరులోనూ కొన్ని వారాలైనా అక్కడికి చేరుతూనే ఉంది.

ఆ పాతికేళ్ల నెమ్మదైన ఎదుగుదలను కొందరు పాట గొప్పతనంగా, ద్రాక్షసారాయిలా వయసుతో పండినదిగా వర్ణిస్తారు. నాకు నమ్మకం కలగదు. 1994లో విన్నవారు కూడా దానిని ఇంతే ఇష్టపడి ఉంటారు. ఇంగ్లండులో విడిగా అమ్మారు కాబట్టి అక్కడ ఆ ఏడాదే రెండో స్థానానికి వెళ్లింది. ఒకే పాట, ఒకే ఏడాది. ఒక దేశపు చార్టులో రెండోది, మరో దేశపు చార్టులో లేనే లేదు. తేడా చెవుల్లో ఉందంటే ఎవరు ఒప్పుకుంటారు?

ఇంగ్లండు దారి వేరు. అక్కడ సింగిల్స్ చార్టు 1952 నవంబరులో మొదలైంది. కాలక్రమంలో క్రిస్మస్ వారంలో ఎవరు నంబర్ వన్ అవుతారన్నది పందేలు కాసే వ్యవహారంగా మారింది. చిత్రమేమిటంటే ఆ 'క్రిస్మస్ నంబర్ వన్' క్రిస్మస్ పాటే కానక్కరలేదు. 1996, 97, 98లలో వరుసగా స్పైస్ గర్ల్స్ గెలిచింది మామూలు పాటలతోనే. ఏడాదిలో రికార్డులు ఎక్కువగా అమ్ముడుపోయే వారం అది కాబట్టి గెలిచినవారికి ప్రతిష్ఠ, అంతే. 2005 నుంచి నాలుగేళ్లు ఒక టీవీ పాటల పోటీ విజేతలే వరుసగా ఆ స్థానం కొట్టేస్తుంటే విసిగిన ఒక దంపతులు 2009లో ఫేస్‌బుక్‌లో పిలుపునిచ్చి, పండుగతో ఏ సంబంధమూ లేని, బూతులున్న రేజ్ అగైన్‌స్ట్ ద మెషీన్ పాత పాటను అందరిచేతా కొనిపించి గెలిపించారు. ఆంగ్లేయుల హాస్యం నాకు అన్నిసార్లూ అర్థం కాదు, కానీ ఇది అర్థమైంది.

అసలైన పండుగ పాటల పోటీ అంటే 1973 డిసెంబరు. న్యూయార్క్‌లో మండుటెండల్లో రికార్డు చేసుకుని వచ్చిన స్లేడ్ బృందం 'మెర్రీ క్రిస్మస్ ఎవ్రీబడీ'తో నేరుగా మొదటి స్థానంలో అడుగుపెట్టింది. బొగ్గుకు కటకట, కరెంటు కోతల భయం, వారానికి మూడు రోజులే కర్మాగారాలు నడపాలని ప్రభుత్వం ప్రకటించిన రోజులవి; ఆ గొంతు చించుకునే పాట అప్పుడు జనానికి కావలసివచ్చింది. 1984లో వామ్ బృందపు 'లాస్ట్ క్రిస్మస్'కు మాత్రం అదృష్టం కలిసిరాలేదు. ఇథియోపియా కరువు బాధితుల కోసం బాబ్ గెల్డాఫ్, మిడ్జ్ యూర్ కలిసి కూర్చిన బ్యాండ్ ఎయిడ్ పాట మొదటి స్థానంలో బైఠాయించింది. ఆ బ్యాండ్ ఎయిడ్ పాటలో పాడినవారిలో వామ్ గాయకుడు జార్జ్ మైకేల్ కూడా ఒకడు. తనను ఓడించిన పాటలో తానూ ఉన్నాడు, పైగా తన పాట మీద వచ్చిన రాయల్టీనీ ఆ నిధికే ఇచ్చేశాడు. రెండో స్థానంలోనే ఆగిపోయిన ఆ పాట తొలిసారి అగ్రస్థానం చూసింది 2021 జనవరి 1న. సరిగ్గా క్రిస్మస్ వారపు నంబర్ వన్ అయింది 2023లో, 39 ఏళ్ల తర్వాత. జార్జ్ మైకేల్ ఆ రెండింటినీ చూడలేదు. ఆయన 2016 డిసెంబరు 25న మరణించాడు.

ఇక ఎదుటివారి వాదన. కొత్త గాయకుల నష్టం నిజమైనదే. డిసెంబరులో పాట విడుదల చేసిన కొత్త అమ్మాయి, తాను ఎనభయ్యో స్థానంలో కనిపించాల్సిన వారంలో అసలు జాబితాలోనే లేకుండా పోవచ్చు. ఆ ఒక్క కనిపింత మీద ఆమె తర్వాతి ఒప్పందం ఆధారపడి ఉండవచ్చు. దీనిని నేను తేలిగ్గా తీసుకోను. అయితే హాట్ 100 అవకాశాలు పంచే సంస్థ కాదు. ఈ వారం దేశం ఏమి విన్నదో చెప్పడం దాని పని. దేశం డిసెంబరు చివరి వారంలో అరవై ఏళ్ల నాటి పాటలు విన్నప్పుడు కొత్త పాటలు విన్నదని రాయడం దొంగలెక్క అవుతుంది. కొత్త పండుగ పాటలకు చోటే లేదన్నది కూడా పూర్తిగా నిజం కాదు. కెల్లీ క్లార్క్‌సన్ 2013లో, ఆరియానా గ్రాండే 2014లో పాడిన పాటలు ఏటికేడు పైకి వస్తూ ఇప్పుడు బ్రెండా లీ పక్కన కనిపిస్తున్నాయి. ఈ పంక్తిలో చోటు దొరకడానికి పదేళ్లు పడుతుంది, అంతే.

రెండో అభ్యంతరం ఇంతకంటే బలమైనది. ఇవి జనం కోరి విన్నవి కావు, వారి చెవిలో పడినవి అంటారు. నవంబరు మధ్యకు వచ్చేసరికి మా ఊళ్లోనూ ఒక ఎఫ్ఎం స్టేషను రాత్రింబవళ్లు క్రిస్మస్ పాటలకే మారిపోతుంది. ఇంట్లో ఎవరో ఒక ప్లేలిస్టు మొదలుపెడతారు, అది వంట పూర్తయ్యేదాకా తనంతట తాను నడుస్తుంది. దానిలోని నలభై పాటలనూ వారే ఎంచుకున్నారనగలమా? అనలేము. పైగా ఈ విజయాల వెనక కంపెనీల పూనిక లేదనుకోవడం అమాయకత్వం. 2019లో మరయా కేరీ ఆల్బం పాతికేళ్ల సంచిక, కొత్త వీడియో వచ్చాయి. 2023లో బ్రెండా లీ పాటకు కూడా కొత్త వీడియో తీశారు. ఒప్పుకుంటాను. కానీ వినికిడిని ఎవరో నడిపించడం కొత్త కాదు. 1942లో సైనిక రేడియో నడిపించింది, ఆ తర్వాత జూక్‌బాక్సు యజమానులు నడిపించారు. బిల్‌బోర్డ్ ఈ తేడాను కొంత గుర్తించింది కూడా: 2018లో చందా కట్టి వినేవారి ఒక్కో వినికిడికి పూర్తి విలువ, ప్రకటనలతో ఉచితంగా వినేవారిదానికి మూడింట రెండు వంతులు, రేడియోలా తనంతట తాను నడిచే సేవల వినికిడికి సగం అని నిర్ణయించింది. ప్లేలిస్టు ప్రభావం తగ్గించాలంటే ఈ తూకాలను ఇంకా సవరించవచ్చు. ఆ సవరణ పండుగ పాటలకే కాక అన్ని పాటలకూ వర్తించాలి. పనిచేసుకుంటూ వినే పాప్ పాటలు కూడా సగం అలా చెవిలో పడినవే కదా.

ఇందులో ఒక విషయం మాత్రం నన్ను కొంత కలవరపెడుతుంది. హాట్ 100 శిఖరానికి 2023 దాకా చేరిన మూడు క్రిస్మస్ పాటల్లోనూ — ఉడుతలది, మరయాది, బ్రెండాది — బేత్లెహేము లేదు, పశువుల తొట్టి లేదు, పుట్టిన శిశువు లేడు. దుకాణంలో ఏ మతంవారు వచ్చినా ఇబ్బంది లేకుండా మోగగలిగిన పాటలే ఎక్కువ మోగుతాయి, ఎక్కువ మోగినవే గెలుస్తాయి. బెర్లిన్, మార్క్స్ ఇద్దరూ యూదులు. తమ పండుగ కాని పండుగను మంచుగా, చెట్టుగా, ఇంటి బెంగగా మలిచి అందరికీ పంచారు. పాటగా అది గొప్ప పనే. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల మధ్య పెరిగిన నాకు డిసెంబరు చార్టు చూసినప్పుడు పెళ్లికొడుకు లేని పెళ్లి ఫొటోలు చూసినట్టుంటుంది. అది నా అభిరుచి. చార్టు తప్పు కాదు.

మనవాళ్ల అలవాట్లు ఆ చార్టుకు ఎప్పుడూ దూరమే. గుంటూరులో మా నాన్న ఇంట్లో డిసెంబరు అంటే జిమ్ రీవ్స్ క్యాసెట్టు. 1963లో వచ్చిన ఆ క్రిస్మస్ ఆల్బం, పాడినవాడు మరుసటి ఏడాది విమాన ప్రమాదంలో పోయాక కూడా, మా వీధిలో మూడు దశాబ్దాలు బతికింది. క్యాసెట్టు రెండోవైపు బోనీ ఎం బృందం. వాళ్ల 'మేరీస్ బాయ్ చైల్డ్' 1978లో ఇంగ్లండులో క్రిస్మస్ నంబర్ వన్. అదే పాటను 1957లో హ్యారీ బెలఫాంటే అదే స్థానంలో నిలబెట్టాడు. మేము వేసుకున్నవేవీ ఏ లెక్కలోకీ రాలేదు, ఆ క్యాసెట్టు కూడా ఎవరో కాపీ చేసి ఇచ్చినదే. ఇప్పుడు ఆ పరిస్థితి మారింది. 2020 సెప్టెంబరులో బిల్‌బోర్డ్ గ్లోబల్ 200 అనే జాబితా మొదలుపెట్టింది. రెండు వందలకు పైగా దేశాలు, ప్రాంతాలలోని వినికిడి దానిలో కలుస్తుంది. డాలస్‌లో నేను విన్న పాట హాట్ 100లోనూ దీనిలోనూ లెక్కకు వస్తే, మా మేనల్లుడు గుంటూరులో విన్నది దీనిలో మాత్రం వస్తుంది. ఈ మాట చెబితే వాడు, "అయితే మేము డిసెంబరంతా వినేది తెలుగు పాటలే, అవి కూడా యూట్యూబులో. వాటి సంగతేంటి మామయ్యా?" అన్నాడు. లక్షల్లో వింటున్నా రెండు వందల పాటల ప్రపంచ జాబితాలో అవి తేలవు. తెలుగు పాటలకని వారం వారం నమ్మకంగా వచ్చే క్రిస్మస్ పట్టిక నాకైతే కనిపించలేదు.

అందుకే వేరు జాబితా అంటే నాకు విరోధం లేదు. బిల్‌బోర్డ్‌కు 2011 నుంచి హాలిడే 100 ఉంది, బాగానే ఉంది. కొత్తవాళ్ల కోసం పండుగ పాటలు తీసేసిన డిసెంబరు జాబితా ఇంకొకటి ప్రచురించినా మంచిదే, సంగీత కంపెనీలు దానినే చూసి ఒప్పందాలు రాసుకోవచ్చు. హాట్ 100ను మాత్రం ముట్టుకోకూడదు. డిసెంబరు నాలుగు వారాలు దానిలో పాతపాటలే ఉంటే ఉండనివ్వాలి, జనవరి రెండో వారంలో అవన్నీ ఒక్కసారిగా ఖాళీ చేస్తే చేయనివ్వాలి. విన్నవారు ఆపినందువల్లే అవి వెళ్లాయి, మళ్లీ వినడం మొదలుపెడితే నవంబరుకు వస్తాయి.